కళ్లు మూసుకుని పెట్టుకున్న లక్ష్యం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. అంత తెలివి ఒక్క మనిషికి, అందులోనూ అప్పుడే చదువు ముగించిన పిల్లకి, ఎక్కడినుంచి వచ్చిందా అని ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది. కోలారు బంగారు గనులు మూతబడ్డాక మా ఊరిగాంలో చాలామంది చేసిన పనే నేనూ చేశాను. తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరులో ఉద్యోగానికి పోవడం, పొద్దుగూకినాక ఇల్లు చేరడం. ఆఫీసులో చేరిన కొత్తలో మాకు శిక్షణ ఇచ్చారు. లక్ష్యం లేని సంస్థ చుక్కాని లేని పడవ అన్నారొకాయన. (పడవను నేను బొమ్మల్లో తప్ప చూసి ఎరగను. కోలారు జిల్లాలో పడవ తేలేంత నీళ్లు ఎక్కడున్నాయి?) ఆ మాట వినగానే నాకు మా చేను గుర్తొచ్చింది.

మా చేను లక్కూరు పక్కన ఉంది. మాలూరులో రైలు దిగి బస్సెక్కి పోవాలి. తాత పంచి ఇచ్చిన రెండెకరాలు. నాయన గనిలో పంపుల దగ్గర పనిచేసినన్నాళ్లూ దాన్ని చిన్నాయన చూసుకున్నాడు, తర్వాత "ఇంగ మీ నేల మీరే చూసుకోండప్పా" అని అప్పగించేశాడు. నాయన ఉద్యోగమంతా భూమిలో ఊరే నీళ్లను బయటికి తోడిపోయడంతోనే గడిచింది. అలాంటి మనిషి ఇప్పుడు అదే భూమిని నాలుగు బిందెల నీళ్లిమ్మని అడుక్కోవాల్సి వచ్చింది. అడుక్కునే ఓపిక ఆయనలో ఉన్నట్టు మాకెవరికీ అనిపించలేదు. పొద్దున్నే లేచి గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, వాకిట్లో కుర్చీలో కూర్చునేవాడు. దారిన పోయేవాళ్లు "యాడికో బయల్దేరినట్టుండావే" అంటే "యాడికీ లేదప్పా" అనేవాడు. ఇంట్లో ఏదడిగినా ఒకటే మాట, "మీ ఇష్టం".

ఆ "మీ ఇష్టం" పట్టుకుని మా అన్న నీలగిరి మొక్కల కాంట్రాక్టరుతో మాట్లాడుకుని వచ్చాడు. సోమవారం మొక్కలు దిగుతాయట. "ఒకసారి నాటితే ఇంగ మరిచిపోవచ్చు. చెట్లు కొట్టేదాకా ఆ పక్కకి పొయ్యే పనే ఉండదు" అన్నాడు. అమ్మకేమో ఆవులు కావాలి. నాకు ఏదైనా సరే, ముందు లక్ష్యం స్పష్టంగా ఉండాలి. అందుకని ఆదివారం చర్చినుంచి రాగానే మీటింగు పెట్టాను. పొయ్యిమీద మటన్ కూర ఉడుకుతోంది. నేను గోడ దగ్గర నిలబడి గొంతు సవరించుకుని, "మన చేను దేనికోసం ఉండాది? ఒక్కొక్కరూ వాళ్ల మనసులో ఉండేది చెప్పండి" అన్నాను. అన్న గోళ్లు చూసుకున్నాడు. అమ్మ మాత్రం, "ఏ పనైనా ప్రార్థనతో మొదలుపెట్టాల పాపా" అని తలమీద ముసుగు వేసుకుని కళ్లు మూసుకుంది.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. ప్రార్థనలో ఉన్న మనిషికి అడ్డు రాకూడదు. ప్రార్థనలో అన్న మాటకి తర్వాత తగువు పెట్టుకోకూడదు. ఈ రెండు నియమాల నీడలో మా అమ్మ ఇన్నేళ్లు కాపురం చేసింది. నాయనకి సూటిగా చెప్పలేనిదంతా దేవుడికి, నాయనకి వినపడేలా చెప్పుకునేది. ఆ రోజు కూడా, "కృపగల తండ్రీ, నీకు స్తోత్రం. ఆవులు పెట్టుకుందామని ఎంత మొత్తుకున్నా ఈ ఇంట్లో ఇనేవాళ్లు లేరు, నువ్వైనా ఇను ప్రభువా" అని ఎత్తుకుంది. అమ్మ ఊపిరి తీసుకునే సందులో అన్న దూరాడు. "దేవా, ఆవులకి గడ్డి యాడ తెచ్చేది? నీళ్లు లేని తావులో నీలగిరే మంచిదని మా అమ్మకి బుద్ధి దయచెయ్యి." నేను మాత్రం ఊరుకుంటానా? "ప్రభువా, వీళ్లకి స్పష్టమైన లక్ష్యం అనుగ్రహించు" అని ఆఫీసులో విన్నదంతా వరసపెట్టి అప్పజెప్పాను. (పాపం, ఆయన ఓపిగ్గా విన్నాడు.) నా వంతు కాగానే ఆమేన్ అనాల్సింది నాయన. మా ఇంట్లో ఆయన ప్రార్థనంతా ఆ ఒక్క మాటే.

నాయన ఆమేన్ అనలేదు. ఎవరినో దారి అడుగుతున్నట్టు మెల్లిగా మొదలుపెట్టాడు. "దేవా, నాకి ప్రార్థన చేసేది రాదు. గని మూసినప్పటినుంచి పొద్దున లేస్తే యాడికి పోవాల్నో తెలీకుండా ఉండాది. నీలగిరి పెడితే ఆ చేనికి కూడా నాతో పని ల్యా. ఏం పంటైనా సరే, నేను పోకపోతే ఎండిపొయ్యేది ఒకటి ఉండనీ. నష్టమొస్తే పిల్లోళ్లు నామీద కోపం చేసుకోకుండా చూడు."

అక్కడితో ఆగిపోయాడు. ఆమేన్ అనడం మరిచిపోయాడు. మేమూ అనలేదు. అంటే కళ్లు తెరవాలి, తెరిస్తే ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. నలుగురమూ అలాగే కూర్చున్నాం. నాకు ఏడుపొచ్చింది. అన్న ముక్కు ఎగపీల్చడం వినపడింది. ఎంతసేపు కూర్చునేవాళ్లమో గానీ, వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. "ఆమేన్! కూర మాడిపాయె!" అంటూ అమ్మ లేచి పరిగెత్తింది. ఆ మాడిన కూరనే నలుగురం తిన్నాం. అన్న చెయ్యి కడుక్కుని, మొక్కలు వద్దని కాంట్రాక్టరుకి చెప్పి రావడానికి సైకిలు తీశాడు.

చిన్నాయన బోరులో మాకూ వాటా ఉండేది. ఆ నీళ్లు అందినంత మేర నాయన బీన్సు వేశాడు, కొన్నాళ్లకి టమాటా. రోజూ టిఫిన్ క్యారియర్ పట్టుకుని మొదటి రైలుకి నాతోనే బయలుదేరేవాడు. మాలూరులో దిగిపోతూ కిటికీ దగ్గరికి వచ్చి, "ఈ పొద్దు పని శానా ఉండాదమ్మా" అనేవాడు. ఆ చేను లాభం చూపించిన సంవత్సరం నాకు గుర్తులేదు. దాని లక్ష్యమేమిటని నేను మళ్లీ అడగలేదు.

ఇప్పుడు నాకు కొత్తగా చేరినవాళ్లకి శిక్షణ ఇచ్చే ఉద్యోగం. పడవ మాట నేనూ చెబుతాను, పిల్లలు రాసుకుంటారు. గోడ దగ్గర నిలబడి గొంతు సవరించుకున్న ఆ పిల్ల అప్పుడప్పుడు కనబడి నవ్వొస్తుంది. మొన్న మా అమ్మాయి, "రిటైరయ్యాక నీ ప్లానేంటమ్మా?" అని అడిగింది. అంత తెలివీ ఎక్కడ పోయిందో, "నీ ఇష్టం" అన్నాను. అని, నా గొంతు నేనే విని ఉలిక్కిపడ్డాను.