కంఠతా వచ్చిన పాఠం

మొన్న మా మనవరాలి బడికి వెళ్ళాను. అయిదారుగురు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని వంతులవారీగా చదివిస్తున్న టీచరమ్మతో ఒక పిల్ల పుస్తకం దించి, నాకిది రాదు మిస్ అని హాయిగా చెప్పేసింది. ఆవిడా అంతే హాయిగా, కలిసి చదువుదాం రా అంది. నేనొక్కదాన్నే తల దించుకున్నాను.

విజయవాడలో పెరిగిన నాకు తొంభైల్లో కొల్లేటి గట్టున ఒక చేపలవాళ్ళ ఊళ్ళో తొలి ఉద్యోగం వచ్చింది. మూడో తరగతి పిల్లల్ని ఆరుగురి చొప్పున చాప మీద కూర్చోబెట్టి చదివించేదాన్ని, అదేదో నేనే కనిపెట్టినంత గర్వంతో. అందరిలోకీ గడగడా చదివేది గంపలో చేపలమ్ముకునే ఒకావిడ కూతురు. ఒకరోజు పేజీ మధ్య నుంచి అందుకోమంటే తడబడి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. అనుమానమొచ్చి ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటమ్మా అంటే, పుస్తకం వదిలేసి నా మొహంలోకి చూసింది. పక్కవాళ్ళు చదువుతుంటే విని పాఠాలన్నీ కంఠతా పట్టేసిందే గాని, చిన్న మాట కూడబలుక్కోవడం కూడా రాదు.

నాలుగు రోజుల్లో ఆఫీసరుగారి తనిఖీ. అదయ్యాక నేర్పుదామనుకుని, ఆయన ముందు ఆ పిల్ల చేతే పాఠం మొదటి నుంచి చదివించాను. ఆయన మురిసిపోయి నలుగురికీ చెప్పారు. పక్క ఊళ్ళ టీచర్లు చూడటానికి వచ్చారు. వచ్చినప్పుడల్లా దాని చేతే చదివించాను. ఇక అక్షరాలు దిద్దించడానికి నాకు మొహం చెల్లలేదు.

ఒక ఉదయం వాళ్ళమ్మ పిల్లని రెక్క పట్టుకుని బడికి లాక్కొచ్చింది. బంధువుల శుభలేఖ వస్తే, ఇరుగుపొరుగుని పిలిచి కూర్చోబెట్టి మరీ చదవమందట.

"నోరు మెదపలేదండీ టీచరుగారూ! మీ దగ్గర గడగడా సదువుద్దంటగా. మొండికేసిందని రెండు తగిలించానండీ. మొండితనమే కదండీ?"

పిల్ల ఏడవడం ఆపి నా వైపు చూసింది. నేను నోరు విప్పితే చాలు.

"అవునమ్మా, కాస్త మొండిదే," అన్నాను.

ఆ పిల్ల కొన్నాళ్ళు ఆలస్యంగా వచ్చి, తర్వాత మానేసి, రొయ్యలు వలిచే పనికి పోయింది. నేనూ బదిలీ పెట్టుకుని కంకిపాడు వచ్చేశాను. ఏళ్ళ తర్వాత బస్టాండులో వాళ్ళమ్మ కనిపించి, నా చేయి పట్టుకుని, "దానికి అబ్బలేదండీ, మీరేం సేత్తారు," అంటే, అప్పుడు కూడా తలూపి ఊరుకున్నాను.

ఇప్పటి పిల్లలు రాదని చెప్పడానికి జంకరు, చదివించేవాళ్ళూ ఉలిక్కిపడరు. మా రోజుల్లో పిల్లకి రాదంటే పంతులమ్మకి చెప్పడం రాదన్నట్టే ఉండేదని మా ఈడువాళ్ళం చెప్పుకుంటూ ఉంటాం. ఆ మాటతో సరిపెట్టుకుందామని నేనూ ఎన్నోసార్లు చూశాను. కానీ అదే బడిలో, అవే రోజుల్లో, పక్క గదిలో రెండో తరగతి చెప్పిన పెద్దావిడ, తన పిల్లల్లో ఏడుగురికి చదవడం రాదని ఆఫీసరుగారి మొహం మీదే చెప్పి, చీవాట్లు తిని, వేసవి సెలవుల్లోపు ఆ ఏడుగురికీ నేర్పింది.