అతిథికి పని చెప్పని ఊరు

తాడేపల్లిగూడెంలో నేను చదివే కాలేజీకి ఆ ఏడు ముగ్గురు విదేశీ విద్యార్థులు ఒక సెమిస్టరు చదువుకోడానికి వచ్చారు. పోర్చుగల్ నుంచి ఒకమ్మాయి, జర్మనీ నుంచి ఇద్దరబ్బాయిలు. చదువుతోపాటు వారం రోజులు ఏదైనా ఊళ్ళో సేవ చెయ్యాలని వాళ్ళకో నియమం. కలిదిండి అవతల, కొల్లేరు అంచున ఒక ఊరు కుదిరింది. అక్కడి మంచినీళ్ళ చెరువు నిండా గుర్రపుడెక్క. దాన్ని లాగి గట్టున పడెయ్యడమే సేవ. మధ్యలో మాటలు చేరవెయ్యడానికి నన్ను పంపారు. నా ఇంగ్లీషు గొప్పదని కాదు. తప్పు మాట్లాడటానికి సిగ్గుపడనివాణ్ణి క్లాసులో నేనొక్కణ్ణే.

మా బస రిటైరైన ఒక టీచరుగారింట్లో. చర్చిలో ఆవిడ పాట ఎత్తుకుంటే ఊరంతా అందుకోవలసిందే. ఇంట్లో మాట ఎత్తినా అంతే.

మొదటి ఉదయం గ్లవ్స్ తొడుక్కుని చెరువు దగ్గరికి వెళ్ళేసరికి తూర్పువైపు డెక్కంతా గట్టు మీదుంది. ఊరి మగాళ్ళు మాకంటే ముందే లేచి లాగేశారు. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోని చెరువది.

"అదేంటండీ, మేం చేద్దామని వస్తేనూ?" అన్నాను.

"ఊరుకోండి బాబూ," అన్నాడు తడి లుంగీ పిండుకుంటున్న పెద్దాయన. "ఇంతదూరం నుంచి వచ్చిన పిల్లల చేత డెక్క లాగించామని పక్క ఊళ్ళో తెలిస్తే ఇంకేమైనా ఉందా అండీ? అలా నీడలో కూర్చోండి. బొండాలు కొట్టిస్తున్నాం."

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. జర్మనీ అబ్బాయిలకి ఈ ఏర్పాటు బ్రహ్మాండంగా నచ్చింది. సేవ ఇంత రుచిగా ఉంటుందని వాళ్ళకెవరూ చెప్పలేదట. పోర్చుగల్ అమ్మాయికి మాత్రం ముద్ద దిగడంలేదు. చీపురు పట్టుకుంటే లాక్కున్నారు. బిందె ముట్టుకుంటే బిందె తీసుకుని కుర్చీ ఇచ్చారు. చెరువులో డెక్క మాత్రం రోజురోజుకీ తరిగిపోతోంది.

నాలుగోరోజు సాయంత్రం ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "పనికొద్దామని వచ్చాను. వీళ్ళకి బరువయ్యాను. రేపు కూడా ఇలాగే అయితే ఏలూరు వెళ్ళి రైలెక్కేస్తాను. వెళ్ళి చెప్పు," అంది.

ఎంత విషాదంగా చెప్పిందో అంత విషాదంగానూ టీచరుగారికి చేరవేశాను. ఆవిడ గుండెమీద చెయ్యి వేసుకున్నారు.

"అయ్యో, కూరలో కారం ఎక్కువైందేమోనండీ! పాపం, పైకి చెప్పుకోలేక ఏడుస్తోంది."

ఆ రాత్రి అమ్మాయి విస్తట్లోకి గడ్డపెరుగు, రెండు గారెలు అదనంగా వచ్చాయి. నా సామర్థ్యం అంతవరకే.

తెల్లవారింది. పెరట్లో ఆడవాళ్ళు కొరమీనులు బాగుచేస్తున్నారు. ఆ అమ్మాయి సరాసరి వెళ్ళి, ఎవరూ కుర్చీ తెచ్చేలోపు నేలమీద చతికిలబడి, గిన్నెలోంచి ఓ చేపని పట్టుకుంది. చేప ఇంకా బతికే ఉంది. చేతిలోంచి జారి, టీచరుగారి ఒళ్ళో పడి, అక్కణ్ణుంచి బోరింగు పంపు వైపు బయల్దేరింది.

"ఓసి మొద్దూ! తడి చేత్తో పట్టుకుంటే ఆగుద్దా అది? బూడిదలో ముంచుకోవే! ఆ చెయ్యి కాదు, రెండోది!"

అరిచింది టీచరుగారే. వెంటనే తన నోటికి తనే చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నాలుగు రోజులుగా మమ్మల్ని "అండీ" లేకుండా పిలిచిన మనిషి ఆ ఊళ్ళో లేడు.

"ఏమంది?" అని అమ్మాయి నన్నడిగింది.

"నీకు ఉద్యోగం వచ్చింది," అన్నాను.

మోచేతులదాకా బూడిద పూసుకుని, పారిపోయిన చేపని పంపు దగ్గర పట్టుకొచ్చింది. ఇక ఆవిడ తిట్లు ఆగలేదు, ఈమె నవ్వూ ఆగలేదు. మధ్యాహ్నం విస్తళ్ళు వేసింది ఈమే. ఇంకో గారె కావాలన్న జర్మనీ అబ్బాయికి "వంటింట్లో ఉంది, తెచ్చుకో," అంది, అచ్చం ఇంటిమనిషిలా.

మర్నాడు కోడి కుయ్యగానే టీచరుగారే ఆ అమ్మాయిని తట్టి లేపారు. "లెగవే, ఎండెక్కితే డెక్క కంపుకొడుతుంది."

చెరువు దగ్గర మగాళ్ళు కంగారుపడ్డారు. "అమ్మాయిగారి చేత ఇదేంటండీ..."

"అమ్మాయిగారేంటి? మా పిల్ల. తప్పుకోండి."

మిగిలింది పడమటివైపు చిన్న ముక్కే. అమ్మాయి నడుంలోతు నీళ్ళలోకి దిగి, తనకంటే పెద్ద డెక్క తెప్పని పట్టి లాగి, వెల్లకిలా పడింది. గట్టంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆమే. రైలు మాట మళ్ళీ ఎత్తలేదు.

నేను గట్టుమీద నిలబడి ఆ నవ్వుని ఇంగ్లీషులోకి ఎలా మార్చాలా అని ఆలోచిస్తున్నాను.

"దానికి అన్నీ అర్థమవుతున్నాయి. నువ్వింకా గట్టుమీద ఎందుకురా?" అన్నారు టీచరుగారు.

నాకు అతిథిగా ఉండటమే బాగుందండీ, అని చెప్పుకుందామనుకున్నాను. అప్పటికే ఎవరో నీళ్ళోడుతున్న డెక్క మోపు నా నెత్తిన పెట్టేశారు.