మోపిదేవి ఎండలో పాప బండి మీద పట్టు శాలువా

మా పాప అన్నప్రాసన మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుడిలో చేయిస్తామని మా అత్తగారు మొక్కుకున్నారు. ఆడపిల్లకి బేసి నెలలోనే చేయాలట, ఏడో నెల ఏప్రిల్లో పడింది. ఎండలు తగ్గాక వెళదామండీ అంటే, "ముహూర్తానికి ఎండేంటమ్మా" అన్నారు. మా ఆయన ఎప్పటిలాగే వాళ్లమ్మ మాటకి తలూపి కారు మాట్లాడేశారు. అలా మొదలైంది ఈ ప్రయాణం.

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర మా ఫ్లాట్ నుంచి పొద్దున్న ఏడింటికి అద్దె కారులో బయలుదేరాం. ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగా రెండు గంటలు పట్టింది. రానూపోనూ, అక్కడ ఆగడంతో సహా మూడున్నర వేలు. డిక్కీలో పాప స్ట్రోలర్ ఉంది. ఆ పొలాల మధ్య ఈగలూ దోమలూ ఎక్కువని దానికి తెర కొన్నాను. గాలి ఆడుతుంది, పాప కనిపిస్తూ ఉంటుంది. అత్తగారికి నచ్చనిది ఆ కనిపించడమే.

"అందులోంచి పిల్ల మొత్తం కనపడుతుందమ్మా. అంతమంది కళ్లు పడితే ఏం కాను?"

"బుగ్గన చుక్క పెట్టాం కదండీ" అన్నాను.

డ్రైవర్ అద్దంలోంచి చూసి, "మా ఇంట్లోనూ ఇదే గొడవండి" అని నవ్వాడు.

తొమ్మిదిన్నరకల్లా అన్నప్రాసన బాగా జరిగింది. ఉంగరంతో పరమాన్నం నాలిక్కి రాస్తే పాప చప్పరించింది. నేను పాపని మా ఆయనకీ అత్తగారికీ అప్పజెప్పి ప్రసాదం క్యూలో నిలబడ్డాను. అరగంట తర్వాత వచ్చేసరికి స్ట్రోలర్ మీద అత్తగారి పట్టు శాలువా ఉంది. పైనుంచి చక్రాల దాకా కప్పి, గాలికి ఎగరకుండా చుట్టూ పిన్నీసులు పెట్టారు. గుడి బయట రేకుల పందిరి నీడ పక్కకి జరిగిపోయి బండి ఎండలో ఉంది. అన్నప్రాసనకి వచ్చిన చుట్టాలు చుట్టూ చేరి గొంతు తగ్గించి కబుర్లు చెప్పుకుంటున్నారు. మా ఆయన ఫోన్ చూసుకుంటున్నారు.

"హాయిగా నిద్రపోతోంది, కదపకు" అన్నారు అత్తగారు.

పిన్నీసులు పీకి శాలువా లాగేశాను. పాప ముఖం కందిపోయింది, ఒళ్లు కాలిపోతోంది. పిలిస్తే కళ్లు తెరవలేదు. ఎత్తుకుని కారు దగ్గరికి పరిగెత్తాను. డ్రైవర్ ఏసీ పెంచి చల్లపల్లి వైపు పోనిచ్చాడు. నేను పాప బట్టలు విప్పి తడిగుడ్డతో తుడుస్తూనే ఉన్నాను. ఊరు వస్తోందనగా పాప సన్నగా ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకే నాకు ఊపిరి ఆడింది.

క్లినిక్‌లో డాక్టరమ్మ పాపని చూసి, "ఇంకాసేపు అలాగే ఉంచితే ఫిట్స్ వచ్చేవి" అన్నారు.

"నీడ కోసం కప్పామండీ" అన్నారు మా ఆయన.

"నీడ సరే. గాలి ఎటునుంచి రావాలి?"

సాయంత్రం దాకా అక్కడే ఉంచుకుని, పాప మామూలుగా పాలు తాగాక పంపారు. ఇంటికి రాగానే అత్తగారు ఉప్పూ మిరపకాయలూ తీసి దిష్టి తీశారు. "ఎవరి కళ్లో పడ్డాయి. నేను కప్పబట్టి ఇంతటితో పోయింది" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. "పోనీలే, పెద్దావిడ" అన్నారు మా ఆయన.

మర్నాడు అదే స్ట్రోలర్‌ని బాల్కనీ ఎండలో పెట్టి, అదే శాలువా కప్పి, కాసేపాగి ఆయన్ని లోపల తల పెట్టమన్నాను. పెట్టిన వెంటనే తీసేశారు. ముఖం తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. వాళ్లమ్మతో మాత్రం ఇంతవరకూ ఒక్క మాట అనలేదు.

దారి మంచిది, గుడి ప్రశాంతంగా ఉంటుంది, పిల్లలతో వెళ్లవచ్చు. ఎండకీ, దోమకీ, వానకీ షాపుల్లో ఏదో ఒకటి దొరుకుతుంది. నా పిల్లకి ప్రాణం మీదికి తెచ్చింది మాత్రం అవేవీ కాదు, ఇంట్లోవాళ్ల ప్రేమ. దాని మీద కోపం తెచ్చుకుంటే కోడలు గయ్యాళి అంటారు. అననివ్వండి. మీరు వెళితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: బండికి పైన గొడుగూ ముందు పల్చని తెరా చాలు, ఇంకే బట్టా కప్పనివ్వకండి. పాప నిద్రపోతోంది కదపకు అని ఎంత పెద్దవాళ్లు చెప్పినా సరే, మెడ వెనక చెయ్యి పెట్టి వేడి చూడండి.