టీ అంటే చాయ్ కాదన్న మేడం

మా ఇంగ్లీషు మేడం పోయారని ఆదివారం పొద్దున ఆమె భర్త ఫోను చేశారు. నాకు ముందు ఏడుపు రాలేదు. గురువారం బ్రిటన్ ఉద్యోగానికి నా ఇంటర్వ్యూ ఉందే అనుకున్నాను. మనిషి పోయిందంటే ముందు నా ఇంటర్వ్యూ గుర్తొచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మేడం బ్రిటన్‌లో ఒక వృద్ధాశ్రమంలో చాలా ఏళ్లు నర్సుగా చేసి, తిరిగొచ్చి బహదూర్‌పల్లిలో స్థిరపడ్డారు. అక్కడికి వెళ్లాలనుకునే నాలాంటి నర్సులకు తన డైనింగ్ టేబుల్ దగ్గరే ఇంగ్లీషు చెప్పేవారు. మేడ్చల్‌లో డ్యూటీ దిగి, ఆదరాబాదరా పరిగెత్తేదాన్ని. ఆమె వ్యాకరణం జోలికి పోయేవారు కాదు, మొదలుపెట్టడమే తిండి మాటలతో. పుడ్డింగ్ అంటే భోజనం చివర పెట్టే తీపి ఏదైనా కావచ్చు. మిన్స్‌మీట్ పేరులో మాంసం ఉన్నా, అది ఎండుద్రాక్షలు, మసాలా కలిపిన తీపి ముద్ద. వింటుంటే మతి పోయేది.

మరి బ్లాక్ పుడ్డింగ్ అంటే? అని అడిగారు ఒకసారి. చాక్లెట్ కేకు అన్నాను ధీమాగా.

"ఏందమ్మా, మీ ఊరు రావల్కోల్ల యాటను కోస్తే నల్ల వండరా? గదే గిది. రక్తంతోని చేస్తరు. మాంసం ముట్టని ముసలామెకు కేకని తినిపిస్తవా?"

మేమంతా పడీపడీ నవ్వాం. ఆమె నవ్వలేదు. ప్రతి మాటా మూడుసార్లు అడిగేవారు, మేం తప్పు చెబితే ఆమె ముఖం పాలిపోయేది. నాకు లోలోపల విసుగ్గా ఉండేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"గీ తిండి మాటలకు గంత పరేషానెందుకు మేడం?"

"పోయిన కొత్తల ఒక తాత, నాకింకా టీ రాలేదన్నడు. షుగరున్న మనిషని చక్కెర లేని చాయ్ చేసిచ్చిన. వాళ్ల తాన టీ అంటే పొద్దుమూకి తినే బువ్వ బిడ్డా. అప్పటికే ఇన్సులిన్ సూది వేసిన్రు, కడుపుల ఏం లేదు. గంట గడవకముందే కండ్లు తేలేసిండు."

నా పుస్తకం మూసేసి, "బతికిండు. నా భయమే ఇంకా పోలే" అన్నారు.

ఆ రోజు నుంచి ఆ భయం నాకూ పట్టుకుంది. అంతకంటే మంచి చదువు నాకెవరూ చెప్పలేదు.

గురువారం ల్యాప్‌టాప్ ముందు ఇంటర్వ్యూకి కూర్చున్నాను. "ఒక పెద్దావిడ చిప్ బట్టీ కావాలంటోంది, ఏం చేస్తారు?" అని అడిగారు తెర మీది ఇద్దరిలో ఒకరు. ఆ మాట మేం చదవలేదు; బ్రెడ్డు ముక్కల మధ్య ఆలుగడ్డ వేపుడు పెట్టుకుని తినేదని నాకు తర్వాతే తెలిసింది. తెలిసినట్టు తల ఊపేద్దామనిపించింది. చివరికి, నాకు ఆ మాట తెలియదు, అదేమిటో ఆమెనే అడిగి, ఆమె చార్టు చూసి, అప్పుడే తెస్తానన్నాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఏదో రాసుకున్నారు. సంగతి తర్వాత చెబుతామన్నారు.

కాల్ ముగియగానే, అలవాటు కొద్దీ మేడం నంబరుకు మెసేజ్ పెట్టేశాను: "మేడం, బట్టీ అంటే ఏంది? తెల్వదని చెప్పిన, తప్పు జేసిన్నా?"

పంపాక గానీ మేడం లేరన్నది గుర్తు రాలేదు. ఆ ఫోను ఇప్పుడు ఆమె భర్త చేతిలో ఉంది. నేను తుడిచేసేలోగా టిక్కులు నీలంగా మారిపోయాయి. టైపింగ్ అని వచ్చింది, ఆగిపోయింది, మళ్లీ వచ్చింది.