డాక్టర్ చట్నీని అడిగారా?

న్యూజిలాండ్‌లోని లోవర్ హట్ ఊళ్ళో గిరిధర్ ఎవరింటికైనా టీకి వచ్చాడంటే రెండే కారణాలు. ఒకటి టీ. రెండోది, ఆ ఇంట్లో ఎవరినో నాటకంలో పెట్టబోతున్నాడని.

రెండోదైతే టీ తాగాక లేచి నిలబడతాడు. మీ నడక, ఫోన్‌లో మాట్లాడుతూ గదంతా తిరిగే తీరు, కారు వెనక్కి తీసేటప్పుడు చేసే హడావుడి, అన్నీ మీ ముందే చేసి చూపిస్తాడు. మీరు నవ్వితే అది తెలుగు సంఘం దీపావళి కార్యక్రమంలో స్టేజీ ఎక్కుతుంది. నవ్వకపోతే అక్కడితో సరి, మళ్ళీ ఆ మాట ఎత్తడు. స్టేజీ ఎక్కిన రోజున మీకు ముందు వరసలో కుర్చీ వేయిస్తాడు. అక్కడ కొత్త మొహం కనిపిస్తే, "ఓహో, ఈసారి వీళ్ళన్నమాట" అని వెనక వరసలు ముందే నవ్వడం మొదలుపెడతాయి.

ఈ పద్ధతి చంద్రావతి పెట్టింది. ఆమెది ఫిజీలో కొన్ని తరాలు బతికి ఇక్కడికి వచ్చిన తెలుగు కుటుంబం. ఇంట్లో ఫిజీ హిందీ, భజనల్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు, కోపం వస్తే మూడూ కలిపి. గిరిధర్ న్యూజిలాండ్ వచ్చిన మొదటి ఏడాది ఆమె మాటతీరును స్టేజీ మీద అనుకరించాడు. హాలు పగలబడి నవ్వింది. ఆమె మాత్రం భోజనం చేయకుండా వెళ్ళిపోయింది. మర్నాడు క్షమాపణ చెప్పడానికి వెళితే లోపలికి పిలిచి చాయ్ ఇచ్చింది.

"అరే బాబూ, నవ్వేది అందరూ, నేనొక్కదాన్నే నవ్వనిదీ. ఇది ఎట్లాంటి తమాషా? ఇంకోసారి చేసేదుంటే ముందు నా ఎదురుగా చెయ్. నాకు నవ్వొస్తే అప్పుడు దునియాకి చూపించు."

ఆమె ఎదురుగానే మళ్ళీ చేశాడు. ఆమె మధ్యలో ఆపి, "నేను చెయ్యి ఇట్లా తిప్పను, ఇట్లా తిప్పుతాను" అని దిద్దింది. ఆ తర్వాతి ఏడాదికల్లా ఆమే గిరిధర్ బృందంలో ప్రధాన నటి. ఇప్పటికీ ఆమే.

గిరిధర్ పుట్టిపెరిగింది ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో. తండ్రి మధుసూదనరావు తెనాలి నుంచి వెళ్ళిన డాక్టరు. ఫ్యాక్టరీ కార్మికులు ఉండే పేటలో చిన్న క్లినిక్ నడిపాడు. తల్లి సరోజ అక్కడే మందుల గదీ, అపాయింట్‌మెంట్లూ చూసుకునేది. కొడుకు ఫార్మసీలో చేరాడు. రెండో ఏడాది చదువు మానేసి, రేడియో హాస్య కార్యక్రమాలకు జోకులు రాసి పంపడం మొదలుపెట్టాడు. గొడుగు మీద రాసిన రెండు లైన్ల జోకు మొదట ప్రసారమైంది. రాసినవాడి పేరు చదవలేదు. అయినా ఆ రాత్రి సరోజ పాయసం చేసింది.

ఆ తర్వాత పబ్బుల వెనక గదుల్లో నిలబడి జోకులు చెప్పాడు. తాగి ఉన్నవాళ్ళను నవ్వించడం తేలికనుకుంటారు కానీ, వాళ్ళు తమలో తాము నవ్వుకోవడానికే ఎక్కువ ఇష్టపడతారు. చివరికి ఒక టీవీ హాస్య ధారావాహికలో వేషం దొరికింది. పాత్ర పేరు డాక్టర్ చట్నీ. ఆ పేరు పెట్టింది గిరిధర్ కాదు. తల ఊపుతూ, యాసతో, ప్రతి రోగికీ తప్పు మందు రాసే డాక్టరు. నిర్మాతలు యాస అడిగారు. గిరిధర్‌కు తెలిసిన యాస ఒక్కటే, తండ్రిది. కళ్ళద్దాలు తీసి టై కొసతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, అప్పుడు నోరు విప్పడం కూడా ఆయనదే. ఆ వేషం మూడేళ్ళు నడిచింది. వీధిలో పిల్లలు తల ఊపుతూ వెంటపడేవాళ్ళు.

తండ్రి ఆ కార్యక్రమం గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. గిరిధరూ అడగలేదు.

ధారావాహిక ఆగిపోయాక టాక్సీ డ్రైవరు, కొట్టు యజమాని, మళ్ళీ డాక్టరు, ఇవే వేషాలు వచ్చాయి. ఆ యాస చేయడం తనకే విసుగుపుట్టి ఇతరులకు సంభాషణలు రాసుకుంటూ గడిపాడు. భార్య నిరుపమకు వెల్లింగ్టన్‌లో ప్రభుత్వోద్యోగం వచ్చినప్పుడు అభ్యంతరం చెప్పడానికి అతని దగ్గర కారణమేమీ లేదు. సరోజ పోయాక మధుసూదనరావూ వీళ్ళ దగ్గరికే వచ్చేశాడు. నిరుపమ రోజూ రైలెక్కి రాజధాని వెల్లింగ్టన్‌కు వెళుతుంది. గిరిధర్ ఒక హైస్కూల్లో వారానికి కొన్ని రోజులు నాటకం నేర్పుతాడు. మిగిలిన సమయం తెలుగు సంఘానిది. ఇక్కడ అతనికి తల ఊపే వేషం ఎవరూ ఇవ్వలేదు. తనకు నచ్చిన మనిషి వేషం వేసుకోవచ్చు, తనకు తోచింది రాసుకోవచ్చు. ఈ దేశానికి తాను రుణపడింది అందుకేనని అంటాడు.

సంఘం వార్షికోత్సవం దగ్గరపడ్డాక చిక్కు వచ్చింది. సంఘం అధ్యక్షుడు రవిచంద్ర కర్నూలు మనిషి, కంప్యూటర్ కాంట్రాక్టులు చేస్తాడు. అతనికి ఇంటర్నెట్‌లో డాక్టర్ చట్నీ వీడియో దొరికింది. వెంటనే సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టి, రిహార్సల్‌కు పరిగెత్తుకొచ్చాడు.

"ఏం సార్, టీవీలో యాక్ట్ చేసినానని ఒక్క మాటన్నా చెప్పినారా? ఇన్నేళ్ళూ మాతో పాటు కుర్చీలు మోస్తా ఉంటిరి!"

"కుర్చీలు మోసేవాళ్ళు తక్కువ కదా రవీ. యాక్టర్లు మన దగ్గర చాలామంది ఉన్నారు."

"అదంతా లేదు. ఈసారి డాక్టర్ చట్నీ దిగాల్సిందే. గ్రూపులో అప్పుడే అనౌన్స్ చేసేసినా."

అందరూ బలవంతపెడితే గిరిధర్ ఒక ముక్క చేసి చూపించాడు. అద్దాలు తీశాడు, టై లేదు కాబట్టి చొక్కా అంచుతో తుడిచాడు, పెట్టుకున్నాడు, తల ఊపాడు. హాల్లో ఉన్న నలుగురూ నవ్వారు. చంద్రావతి నవ్వలేదు.

"ఈ డాక్టర్ ఎవరు బాబూ? అతనింటికి చాయ్‌కి పోయినావా?"

"టీవీ క్యారెక్టర్ ఆంటీ. ఎవరూ లేరు."

"టీవీ మనిషి అద్దాలు ఇట్లా తుడవడు. ఇది అసలు మనిషి. ఎవరు?"

గిరిధర్ అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "మా నాన్న."

"అడిగినావా?"

"లేదు."

"ఎన్నేళ్ళైంది?"

ఊరంతా తిరిగి అనుమతి అడిగిన మనిషి ఒక్క ఇంట్లోనే అడగలేదు. ఇప్పుడు అడిగితే, ముప్పై ఏళ్ళకు పైగా ఆయన మనసులో ఏముందో బయటికొస్తుంది. ఆ మూడేళ్ళూ తండ్రిని నవ్వులపాలు చేశాననే అనుమానం అతనికి ఎప్పటినుంచో ఉంది. అనుమానంగా ఉన్నంతవరకూ దానితో బతకవచ్చు. ఆయన నోటితో అవునంటే ఏం చేయాలో తెలియదు.

ఆదివారం పొద్దున మధుసూదనరావు ఎండ పడే గదిలో కూర్చుని ఉప్మా తింటున్నాడు. తొంభైకి దగ్గరపడుతున్న మనిషి, వినికిడి యంత్రం పెట్టుకుంటాడు, పేపరు మాత్రం రోజూ అద్దాలు పెట్టుకుని చదువుతాడు. గిరిధర్ రెండు కప్పుల టీ తెచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏమిట్రా, నన్నేమైనా నాటకంలో పెడుతున్నావా?" అన్నాడు తండ్రి.

"మీకెలా తెలుసు?"

"గ్రూపులో నేనూ ఉన్నానురా. రోజూ పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వులు పంపేది ఎవరనుకున్నావ్? ఆ వీడియో చూశాను. నీకప్పుడు జుట్టు బాగా ఉండేది."

"డాడీ, నేను అప్పట్లో మిమ్మల్ని అడక్కుండా..."

"రూలు ప్రకారం ముందు చేసి చూపించాలి కదా. కానియ్."

గిరిధర్ లేచాడు. వంటింటి గుమ్మంలోకి నిరుపమ వచ్చి నిలబడింది. పాత డాక్టర్ చట్నీని మొదటినుంచి చివరిదాకా చేశాడు. తల ఊపుడు, యాస, తప్పు మందు. తండ్రి ఒక్కసారి కూడా నవ్వలేదు. ఉప్మా తినడం మాత్రం ఆపలేదు.

"అయిపోయిందా?"

"అయిపోయింది. మీకు బాధ కలిగిందని..."

"కలిగిందిరా. ఎందుకు కలగదు? ఏడాదిపాటు ఆ టైముకి టీవీ ఆపేసేవాణ్ణి. మీ అమ్మ పక్కింట్లో చూసొచ్చేది." ఆయన ప్లేటు పక్కన పెట్టాడు. "అయితే బాధ యాస గురించి కాదు. నా యాస నాది, దాన్ని నేను దాచుకోలేదు. నా యాస తీసుకున్నావు, అద్దాలు తీసుకున్నావు. నా జోకులు వదిలేశావేం?"

"జోకులా?"

"క్లినిక్‌లో మనుషులు నన్ను చూసి నవ్వలేదురా. నేను నవ్వించాను. ఒకావిడ వచ్చి, డాక్టర్, మీరు చెప్పేది నాకొక్క ముక్క అర్థం కావడంలేదు అంది. ఏం ఫరవాలేదమ్మా, నేను రాసేది మందులషాపు వాడికీ అర్థం కాదు, అయినా నీ దగ్గు తగ్గిపోతుంది అన్నాను. కుర్చీలోంచి పడబోయింది. ఇంకొకాయన మీ ఊరు చాలా దూరమా అన్నాడు. నా వెయిటింగ్ రూములో కూర్చునే టైములో వెళ్ళి రావచ్చు అన్నాను."

గుమ్మం దగ్గర నిరుపమ నవ్వడం వినిపించింది. గిరిధర్ కూడా నవ్వాడు. తర్వాత కూర్చున్నాడు.

"ఇవన్నీ నాకెప్పుడూ చెప్పలేదు మీరు."

"నువ్వు క్లినిక్‌కి ఎప్పుడొచ్చావ్? ఇంటికొచ్చేసరికి నాకు ఓపిక ఉండేది కాదు. జోకులన్నీ అక్కడే అయిపోయేవి."

తాను పబ్బుల్లో తంటాలుపడి నేర్చుకున్న పని తండ్రి చేతిలో స్టెతస్కోపుతో చేస్తూ వచ్చాడని గిరిధర్‌కు అప్పుడు తెలిసింది. తనకీ విద్య ఎక్కడినుంచి వచ్చిందో అని విలేఖరులు అడిగితే ఒకప్పుడు అతను బ్రిటిష్ రేడియో పేరు చెప్పేవాడు.

"వేషం వెయ్యి. కానీ ఈసారి డాక్టరు గెలవాలి" అన్నాడు తండ్రి. "అదే షరతు."

తండ్రీకొడుకులు కలిసి కొత్త నాటిక రాశారు. కొడుకు రాసింది తండ్రి కొట్టేసేవాడు. తండ్రి చెప్పినది పొడవైందని కొడుకు కత్తిరించేవాడు. "మావయ్యగారూ, మీ ఇద్దరికీ వేరే వేరే టీలు పెట్టలేను, ఒక చోట కూర్చుని పోట్లాడుకోండి" అని నిరుపమ ఎన్నోసార్లు అంది.

వార్షికోత్సవం రోజు కార్యక్రమం ఎప్పటిలాగే ఆలస్యమైంది. ప్రసంగాలు సాగాయి, శాలువాలు కప్పారు, కప్పించుకున్నవాళ్ళు మళ్ళీ ప్రసంగించారు. నాటిక మొదలయ్యేసరికి పిల్లలు నిద్రతో జోగుతున్నారు. ముందు వరసలో మధుసూదనరావు కోటు, టైతో కూర్చున్నాడు. స్టేజీ మీద డాక్టరుగా గిరిధర్, రోగిగా చంద్రావతి. మొదటి రెండు జోకులకు నవ్వు బాగానే వచ్చింది. మూడోది రావలసిన చోట, హాలు వెనక నుంచి ఒక కార్యకర్త మైకు అందుకున్నాడు.

"అందరికీ ఒక గమనిక. భోజనాలు రెడీ."

చెప్పినవాడికి దురుద్దేశం లేదు. అన్నం చల్లారిపోతుందని అతని బాధ. కుర్చీలు కిర్రుమన్నాయి. వెనక వరసలు లేచాయి, వాళ్ళను చూసి మధ్య వరసలు లేచాయి. స్టేజీ మీద గిరిధర్ నోరు తెరిచి ఆగిపోయాడు. ఇన్నేళ్ళ అనుభవంలో పులిహోరతో పోటీపడే జోకు అతనికి దొరకలేదు. తండ్రికి ఇచ్చిన మాట, డాక్టరు గెలిచే ఘట్టం, ఇంకా ముందే ఉంది.

మధుసూదనరావు లేచాడు. ఆయన కూడా భోజనానికే అనుకున్నారు అందరూ. ఆయన వెనక్కి తిరిగి, అద్దాలు తీసి టై కొసతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. మైకు లేకుండానే, ఆ పాత యాస ఇంగ్లీషులోనూ తెలుగులోనూ చెప్పాడు.

"ఎక్కడికి వెళుతున్నారు? ఈ మందు భోజనానికి ముందు వేసుకోవాలి. కూర్చోండి."

నవ్వు వెనక వరసల్లో మొదలై ముందుకు వచ్చింది. మైకు పట్టుకున్న కార్యకర్త కూడా నవ్వాడు, అది మైకులో వినిపించింది. ఒక్కొక్కరే కూర్చున్నారు. స్టేజీ మీది డాక్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ నవ్వు తనది కాదని, పూర్తయ్యేదాకా దానికి అడ్డురాకూడదని అతనికి తెలుసు. హాలు పూర్తిగా సద్దుమణిగాక ముందు వరసకేసి తల వంచి, తన తర్వాతి మాట అందుకున్నాడు.