ఇంగ్లీషులో పదిహేడో ఎక్కం

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది నేను రైల్వే గూడ్సు షెడ్డు ఆఫీసు నుంచి రిటైరయ్యాను. వయసు యాభై అయిదు. బడి చదువు నాలుగో తరగతితో ఆగిపోయినా, దశాంశాలూ వడ్డీ లెక్కలూ సొంతంగా నేర్చుకుని హెడ్ క్లర్కు దాకా వచ్చినవాణ్ని. పూలదండ వేసిన రోజున, మిగిలిన జీవితం నలుగురి సేవకే అని ప్రకటించాను. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఆ నలుగురిలో ఒక్కరూ మా ఇంటివైపు రాలేదు.

అందుకని సేవ ఇంట్లోనే మొదలుపెట్టాను. నా భార్య మిషన్ బడిలో టీచరు, ఇంకా సర్వీసులోనే ఉంది. ఆవిడ బడికి వెళ్లాక వంటింటి డబ్బాలన్నీ వాడకాన్నిబట్టి సర్దాను. తరచూ తీసేవి ముందు, అరుదుగా తీసేవి వెనక. సాయంత్రం పొయ్యిమీద పప్పు ఉడుకుతుండగా ఆవిడ గొంతు వినిపించింది.

"ఏవండీ, ఉప్పు ఎక్కడ పెట్టారు?"

"రెండో వరసలో. ఉప్పుకన్నా పంచదార డబ్బాయే నువ్వు ఎక్కువసార్లు తీస్తున్నావు. చూశాను."

"మీరు బయటికెళ్లి ఎవరికైనా సేవ చెయ్యండి. దేవుడు మిమ్మల్నీ దీవిస్తాడు, నన్నూ దీవిస్తాడు."

చర్చికి వెళ్లాను. జనాన్ని వెనక వరసల నుంచి లేపితే తలుపు దగ్గర తోపులాట ఎంత తగ్గుతుందో పాస్టరు గారికి లెక్క వేసి చూపించాను. దీని గురించి ప్రార్థన చేద్దామన్నారాయన. చేశాం. తోపులాట అలాగే ఉంది.

ఇలా ఉండగా ఎదురింటి సాయిబు గారు మా గడప తొక్కారు. సికింద్రాబాదులో మా రెజిమెంటల్ బజార్ సందులో ఆయన నాకు ఏళ్లుగా తెలుసు. నాకన్నా బాగా చిన్న. హైదరాబాదులో సర్కారు దఫ్తరులో లెక్కల గుమాస్తా. చదువూ ఉద్యోగమూ అంతా ఉర్దూలో నడిచింది. ఇప్పుడు దఫ్తరు ఇంగ్లీషులోకి మారుతోంది. మూడు నెలల్లో గుమాస్తాలందరూ ఇంగ్లీషులో లెక్కల పరీక్ష రాయాలి, అధికారి ముందు నిలబడి నోటితో జవాబులు కూడా చెప్పాలి. తప్పినవాళ్లు ఇంటికే.

"మాస్టర్ సాబ్, ఇంట్ల ఆరుగురం ఉన్నం. గీ నౌకరి పోతె నాకు ఇంకో పని రాదు. జెర నేర్పుండ్రి. జిందగీల మరిచిపోను" అన్నారాయన.

ఆయన పరేషానీ చూసి బాధపడ్డాను. సంతోషించాను కూడా. ఏది ఎక్కువో అప్పుడు లెక్క చూసుకోలేదు.

మర్నాటి నుంచే పాఠం. నా పద్ధతి ఒక్కటే. ఇంగ్లీషులో జవాబు రావాలంటే ఇంగ్లీషులోనే ఆలోచించాలి. ఉర్దూ మాట మనసులోకి కూడా రాకూడదు. ఆయన సరేనన్నారు. మర్యాదస్తుడు, పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పేవాడు కాదు.

మొదటి చిక్కు సున్నా దగ్గర వచ్చింది. రెండు వందల నాలుగు వెయ్యమంటే రెండు వేసి, చుక్క పెట్టి, నాలుగు వేశారు. ఉర్దూ అంకెల్లో సున్నా అంటే చుక్కే.

"ఇందులో సున్నా ఏది భాయ్?"

"గిదే గద, నడిమిట్ల ఉన్నది."

"ఇది చూసి మీ సాబు రెండు పాయింటు నాలుగు అంటాడు. రెండు వందలు గాలికి పోయాయి."

"తోబ, తోబ!" అని లెంపలు వేసుకుని, ఆ పూటంతా గుండ్రని సున్నాలు చుడుతూ కూర్చున్నారు.

సున్నాలు కుదిరాయి గాని ఎక్కాలు కుదరలేదు. అంతకుముందు పెద్ద కూడికను కూడా చూపు తిప్పేలోగా తేల్చేసే మనిషి, నా దగ్గర చేరిన నెలకు పదిహేడు ఎనిమిదుల దగ్గర కళ్లు మూసుకుని నిలబడిపోతున్నారు. "సెవెంటీన్... ఎయిట్స్..." అని మెల్లగా ఆగిపోయేవారు. పునాది పాతది పోయి కొత్తది పడుతోందని నేను ధైర్యం చెప్పేవాణ్ని. ఆయన భార్య మాత్రం తెర వెనక నుంచి నా భార్యతో, "అక్కా, రాత్రి నిద్రల సుత సెవెంటీన్, సెవెంటీన్ అంటున్నడు. అన్నం సక్కగ తింటలేడు" అందట.

పరీక్షకు వారం ముందు ఆయన అత్తగారి ఊరి నుంచి బియ్యం బస్తా వచ్చింది. రెండిళ్లవాళ్లం కలిసి తెప్పించుకున్నది, చెరిసగం పంచుకోవాలి. ఆయన సేరు పట్టుకుని తన వంతు కొలిచారు. "బర్కత్, దో, తీన్, చార్..." ఒకటి అనకుండా బర్కత్ అనడం వాళ్లింటి అలవాటు. చెయ్యి ఎక్కడా ఆగలేదు, మధ్యలో నాతో మాట్లాడినా వరస తప్పలేదు. తర్వాత సేరు నేను అందుకున్నాను. "లాభం, రెండు, మూడు..."

గుమ్మంలో నిలబడ్డ నా భార్య నవ్వింది. "అదేంటండీ, వన్, టూ అనరేం?"

"ఇది బియ్యం. అది పరీక్ష."

"ముప్పై ఏళ్లు ఇంగ్లీషు ఆఫీసులో చేశారుగా. అక్కడ మనసులో ఏ భాషలో కూడేవారు?"

నేను కొలత మీద దృష్టి పెట్టాను. సాయిబు గారు మర్యాదగా గోడకేసి చూశారు. నా పద్ధతి మాత్రం మార్చలేదు. వారం ముందు పద్ధతి మారిస్తే విద్యార్థి తికమకపడతాడని నా వాదన.

పరీక్ష రోజు మధ్యాహ్నం నుంచీ వాకిట్లోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నాకు అన్నం సహించలేదు. ఆరు కంచాల బరువు నా ఎక్కాల మీద పెట్టుకున్నానని అప్పటికి గాని సరిగ్గా తట్టలేదు. చీకటి పడే వేళకు ఆయన సైకిలు దిగారు.

"పాసైన, మాస్టర్ సాబ్!" అని నా చేతులు పట్టుకున్నారు. వెంటనే తల వంచుకున్నారు. "మీతోని అబద్ధం చెప్ప. లోపటికి పోంగనె ఇంగ్లీష్ మొత్తం గాయబ్. సాబు సెవెంటీన్ ఎయిట్స్ అని అడిగిండు. ఏం తోస్తలేదు. ఇగ నౌకరి పాయె అనుకున్న. గప్పుడు చిన్నప్పటి ఎక్కం యాదికొచ్చింది, సత్రా అట్ఠే ఎక్‌సౌ ఛత్తీస్. మనసుల గది అనుకొని నోటితోని వన్ థర్టీ సిక్స్ అన్న. ఇగ అన్నీ గట్లనే. మీ మాట తప్పిన, మాఫ్ జెయ్యుండ్రి."

"మరి సున్నాలు?"

"అన్నీ గుండ్రంగ చుట్టిన."

మూడు నెలల నా బోధనలో ఆయన కొలువు నిలబెట్టినది ఆ సున్నా ఒక్కటే. మిగిలినదంతా ఆయన నా మాట వినకపోవడంవల్ల జరిగింది.

కాని దఫ్తరులో ఆయన ఇలా చెప్పలేదు. సికింద్రాబాదులో ఒక ఉస్తాద్ ఉన్నారు, ఆయన చలవే అంతా అన్నారు. ఆ ఆదివారం మౌలాలి నుంచీ బేగంపేట నుంచీ, ఇంకా పరీక్ష కాని వేరే దఫ్తర్ల గుమాస్తాలు నలుగురు పలకలతో వచ్చి మా వాకిట్లో నిలబడ్డారు. ఒకాయనది మరాఠీ, ఒకాయనది కన్నడం, ఇద్దరివి ఉర్దూ చదువులు. నా పద్ధతి తప్పని, మీ మనసుకు వచ్చిన భాషలోనే లెక్క చేసుకోండని ఉన్నదున్నట్టు చెప్పాను. పెద్దవాళ్ల వినయం ఇలాగే ఉంటుందని వాళ్లలో ఒకరు పక్కాయనతో అన్నారు.

అప్పటి నుంచి ఆదివారం సాయంత్రాలు మా వరండాలో మూడు భాషల ఎక్కాలు గొణుగుడుగా వినిపించేవి. నేను మధ్యలో కూర్చుని లెక్క ఇచ్చేవాణ్ని, ఇంగ్లీషు జవాబు సరిచూసేవాణ్ని, ఎవరైనా చుక్క పెడితే వేలితో చూపించేవాణ్ని. మిగతా సమయమంతా నోరు మూసుకుని ఉండడమే నా పని. దానికే ఎక్కువ సాధన కావలసివచ్చింది.

ఒకరోజు వాళ్లు వెళ్లాక నా భార్య అడిగింది. "ఇవాళ ఏం నేర్పారండీ?"

"ఏమీ నేర్పలేదు."

"అయితే వాళ్లకి బాగా వచ్చే ఉంటుంది" అంది.