మా మేడంగారు ముందే చెప్పిన బరువు

మా ఫిజిక్స్ మేడంగారు పోయారన్న కబురు హనుమాన్ జంక్షన్‌లో నేను పాఠాలు చెప్పే స్కూలుకు వచ్చింది. గుండెపోటట. యాభై కూడా నిండలేదు. ఏడవాల్సిందాన్ని, నాకు ముందు కోపమొచ్చింది. అది ఇంకా తగ్గలేదు. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

విజయవాడ కాలేజీలో ఆవిడ మాకు మూడేళ్ళు చెప్పారు. లెక్క మొదలెట్టేముందు జవాబు అంచనా కట్టమనేవారు. "తప్పితే తప్పిందమ్మా. తప్పుతుందని నోరు మూసుక్కూర్చోవడమే సిగ్గు" అనేవారు.

మేం ఫైనలియర్‌లో ఉండగా అమెరికాలో కొత్త బరువైన కణం దొరికిందని పేపర్లో పడింది. ప్రోటాన్లాంటి వాటి లోపలుండే క్వార్కులనే తునకల్లో కొత్తరకందొకటి, దానికి ఎదురురూపమైన ప్రతిక్వార్కు అందులో జంటగా ఉన్నాయన్నారు. మేడంగారికి ఇక వేరే ధ్యాస లేదు. ఆ కొత్త క్వార్కు మామూలు తేలిక క్వార్కుల్లో ఒకదానితో జతకడితే పుట్టే కణం, మీసాన్ అంటారు దాన్ని, ఎంత బరువుంటుంది? దాన్ని అప్పటికి ఎవరూ చూడలేదు. పటమటలో వాళ్ళ వరండాలో కూర్చుని, పాత ఆన్సర్ పేపర్ల వెనకవైపు నెల రోజులు లెక్కకట్టారు. కూడికలు సరిచూసే పని నాది. ప్రోటాన్ బరువుకు రెండింతలు, రవ్వంత తక్కువ అని తేలింది.

"దొరికాక ఎవరైనా చెబుతారే. దొరక్కముందు చెప్పాలి" అంటూ టైపు చేయించి డిపార్ట్‌మెంట్ హెడ్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన సంతకం లేనిదే ఏ పేపరూ బయటికి పంపకూడదని మా కాలేజీ రూలు. నేను పక్కనే ఉన్నాను. ఆయన మొదటి పేజీ కూడా తిప్పలేదు.

"ఏమండీ, విజయవాడలో కూర్చుని అమెరికా వాళ్ళకి బరువులు చెబుతారా? సిలబస్ అయిందా?"

"అయిందండీ. ఒక్క సంతకం పెట్టండి, చాలు."

"చూద్దాం లెండి" అని బీరువాలో పడేశారు.

ఆవిడ మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ ఆయన చూద్దాం అన్నారు. నేనుండబట్టలేక, "మీరే పోస్టు చేసెయ్యండి మేడం" అన్నాను.

"ఉద్యోగం పోతే అమ్మనెవరు చూస్తారే?"

ఏడాదిన్నర తర్వాత ఆ మీసాన్ దొరికింది. బరువు ఆవిడ చెప్పినంతే. అలాంటి లెక్కలు ముందే అచ్చువేసుకున్న పై దేశాల వాళ్ళని అందరూ మెచ్చుకున్నారు. నేను కాలేజీకి పరుగెత్తాను. ఆవిడ "చూశానే" అని మాత్రం అని, క్లాసులోకి వెళ్ళిపోయారు.

మొన్న కాలేజీలో సంతాపసభ పెట్టారు. ఆ హెడ్డుగారే మైకు ముందుకొచ్చి, "ఆవిడ పరిశోధనను మా డిపార్ట్‌మెంట్ ఎప్పుడూ ప్రోత్సహించింది" అన్నారు. ఎలా లేచానో నాకే తెలీదు.

"ఆవిడ పేపరు మీ బీరువాలోనే ఉంది సార్! తీసి చదవండి!"

"కూర్చోమ్మా, ఇది సందర్భం కాదు" అన్నారెవరో.

"ఆవిడ బతికుండగా ఎప్పుడొచ్చిందండీ సందర్భం?"

ముందు వరసలో కూర్చున్న మేడంగారి అమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఏం పేపరమ్మా?" అని అడిగారు. ఆ పేపరు సంగతి ఆవిడకి కూతురు ఒక్క ముక్కా చెప్పలేదు. నేను చెప్పాను, ఉన్నదంతా, గొంతు తగ్గించకుండా.

"అయితే మా అమ్మాయి లెక్క నిజమైందా?"

"అయిందండీ."

ఆవిడ కళ్ళజోడు తీసి చీరచెంగుతో నిదానంగా తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని, మైకు ముందు నిలబడ్డ హెడ్డుగారి మొహంలోకి, రెప్పవెయ్యకుండా చూస్తూ కూర్చున్నారు.